ప్రభుత్వం పెట్టే ఖర్చు నిజంగా సామాన్యుడికి అందుతుందా?

అందుతుంది, కానీ ఏ లెక్కన పంచుతున్నారన్నదే అసలు సంగతి.

తెలంగాణలో 2018లో వచ్చిన, రైతుకు పంట పెట్టుబడి సాయమిచ్చిన రైతుబంధు పథకాన్నే చూడండి. సీజన్‌కు ఎకరానికి 4 వేలు, మరుసటి ఏడాది నుంచి 5 వేలు. మొదట చెక్కులు, తర్వాత నేరుగా ఖాతాలోకి. మధ్యలో దళారీ ఉండేవాడు కాదు. వానాకాలం విత్తనాలు, ఎరువుల వేళకు చేతిలో డబ్బుంటే షావుకారు దగ్గర చేయిచాచే పని కొంతైనా తప్పుతుంది, అది చిన్న విషయం కాదు.

అయితే డబ్బు పడేది పట్టాదారు పాసుపుస్తకాన్ని చూసి. రెండెకరాల రైతుకు రెండు సీజన్లకు కలిపి ఏడాదికి 20 వేలు, యాభై ఎకరాలున్నాయనకు 5 లక్షలు! పడావు పెట్టిన భూమికీ వచ్చేది. అదే చేలో ఒళ్లు వంచిన కౌలు రైతుకు పైసా వచ్చేది కాదు, కౌలు మాత్రం కట్టాల్సి వచ్చేది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యంలో బోగస్ కార్డులూ, తూకంలో కోతలూ ఉండేవి, కాదనను. అయినా నా ఓటు దానికే. సెంటు భూమి లేని కూలీ ఇంట్లోనూ పొయ్యి మీద అన్నం ఉడికింది.