తూము దగ్గర నిలబడు, బోదెల వెంట పరుగెత్తకు

అమలాపురం
ఆదివారం

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నువ్వు పిల్లల మీద వేసిన కేకలు పక్కనున్న మీ పిన్నికి కూడా వినిపించాయి. ట్యాబ్ లాక్కుంటే వాళ్లకు ఏడుపు, ఇస్తే నీకు టెన్షన్. వైఫై పీకించేస్తానన్నావు. ఆ పని మాత్రం చేయకు. మీ ఆయన అటక మీద పడేసిన పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇవ్వకుండా ఉంచు. దాంతో పనుంది.

మన చేలో ప్రతి మడి దగ్గరా ఒక మనిషిని కాపలా పెడతామా? కాలువ మీద తూము తలుపు దించితే అవతలి బోదెలన్నిటికీ అదే లెక్క. ట్యాబ్‌లో ఒక యాప్, ఫోన్‌లో ఇంకో యాప్, టీవీకి ఒక లాక్ అని తిరిగావంటే నీ ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఏ పరికరమైనా ఒక సైటుకు వెళ్లాలంటే ముందు దాని పేరు చెప్పి అంకెల చిరునామా అడుగుతుంది. దానికి జవాబిచ్చేదే డీఎన్ఎస్. ఆ పని ఇంట్లో మనం పెట్టుకునే ఒక చిన్న పెట్టెకు అప్పగిస్తే, వద్దన్న పేరు అడిగినప్పుడు అది చిరునామా చెప్పదు.

ఆ పెట్టెకు పేకముక్కల డబ్బా అంత ఉండే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ చాలు, పాత మోడల్ అయినా సరే. రోజంతా వెలగాల్సిందానికి పెద్ద కంప్యూటర్ పెడితే కరెంటు దండగ. అందులో విండోస్ బదులు వాడే లైనక్స్, దాని మీద ఈ డీఎన్ఎస్ పని చేసే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, మారని ఐపీ అడ్రస్ (అంటే అంకెల చిరునామా) ఒకటి ఇచ్చి, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకు చిరునామాలు పంచే పని) పేజీలో డీఎన్ఎస్ గడిలో ఆ అడ్రస్ కొట్టాలి. పై-హోల్ తనకు తెలియని పేర్లను బయట ఇంకొకరిని అడుగుతుంది కదా, అక్కడ క్లీన్‌బ్రౌజింగ్ అనే డీఎన్ఎస్ సంస్థ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్ 185.228.168.168 పెట్టు. పెద్దల సైట్లు ఆగిపోతాయి, గూగుల్ వెతుకులాట సేఫ్‌సెర్చ్‌లోకి, యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్‌లోకి వెళ్తాయి. అప్పుడు యూట్యూబ్‌లో కామెంట్లు కనిపించవు. మీ అత్తగారికి ముందే చెప్పు, లేకపోతే ఫోన్ పాడైందని గొడవ.

నేను బోల్తా పడింది ఆ రౌటర్ పేజీలోనే. రెండో డీఎన్ఎస్ అని ఇంకో గడి ఉంటుంది. ఖాళీగా ఎందుకులే అని గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ 8.8.8.8 కొట్టాను. మొదటిది పలకనప్పుడే రెండోదాన్ని అడుగుతాయనుకున్నాను. అలా ఏం లేదు, ఏది తోస్తే దాన్ని అడిగేస్తాయి. తూముకు తలుపు పెట్టి పక్కనే గట్టుకు గండి కొట్టుకున్నట్టయింది. వారం రోజులు జల్లెడలో నీళ్లు పోశాను. ఆ గడి ఖాళీగా వదిలెయ్, ఒప్పుకోకపోతే అదే అడ్రస్ మళ్లీ కొట్టు. ఐపీవీ6 (కొత్త రకం అంకెల చిరునామాలు) ఉంటే అక్కడి డీఎన్ఎస్ కూడా చూసుకో. ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అందులో ఎవరి పేరైనా రాసి ఉంటే మన పెట్టెను అడగనే అడగదు.

ఇక పాత కంప్యూటర్‌లో లైనక్స్ మింట్ వెయ్యి, ఎక్స్ఎఫ్‌సీఈ రకం తేలిక. పెద్దాడికీ చంటిదానికీ విడివిడి అకౌంట్లు, రెండూ స్టాండర్డ్‌వే. అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండాలి. టైమ్‌కేపీఆర్-నెక్స్ట్ అని ఒకటుంది, అందులో ఎవరికి ఏ రోజు ఎన్ని గంటలో పెట్టుకోవచ్చు. టైము దగ్గరపడితే అదే హెచ్చరిస్తుంది, కాబట్టి మధ్యలో నువ్వు తిట్టు తినక్కర్లేదు. చంటిదానికి బొమ్మలు గీసే టక్స్ పెయింట్, ఆటలతో చదువు చెప్పే జీకాంప్రిస్ వేసి పెట్టు. ఇవన్నీ ఉచితమే.

మా మనవడు దీన్నీ దాటాడు. నేను బల్ల మీద వదిలేసిన ఉబుంటు అనే ఇంకో రకం లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి, దాంతోనే కంప్యూటర్ లేపి, టైము లెక్క లేకుండా ఆడుకున్నాడు. కోపం కన్నా ముందు ముచ్చటేసింది, నిజం చెప్తున్నాను. తర్వాత బయాస్‌కు (కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచేది) పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ నుంచి బూట్ కాకుండా ఆపేశాను. మూడు రోజులకు మీ పిన్ని ఫోన్ డేటా పొద్దున్నే అయిపోవడం మొదలైంది. హాట్‌స్పాట్! ఆ నీళ్లు మన తూము మీదుగా రావు కదా, పై-హోల్ ఏం చేస్తుంది? దానికి మన పెట్టెలో మందు లేదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు లాక్ ఉండాలి, ఆ నంబరు పిల్లలకు తెలియకూడదు. మీ ఇంట్లో అందరి ఫోన్లకూ పెద్దాడి పుట్టినరోజే నంబరని నాకు తెలుసు.

లాగ్ సంగతి కూడా చెప్పాలి. ఏ పరికరం ఏ సైటు పేరు ఎన్నింటికి అడిగిందో పై-హోల్ రాసి పెడుతుంది, మీ ఆయన ఫోన్‌దీ రాస్తుంది. ఒకసారి అందులో రాత్రి రెండింటికి వరసలు వరసలుగా చూసి, పొద్దున్నే మనవణ్ణి నిలబెట్టి కడిగేశాను. వాడు ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోయాడు పాపం, యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ల కోసం అడుగుతున్నాయి. వాడికి సారీ చెప్పాల్సొచ్చింది. అప్పట్నుంచి ఏదైనా సైటు తెరుచుకోక చెడితేనే లాగ్ తెరుస్తున్నాను. నువ్వూ అంతే చెయ్యి. పెట్టేటప్పుడు పెద్దాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో, దాచి పెట్టకు. కేబుల్ వాడే గుచ్చనీ. స్కూలు పని సైటు ఏదైనా ఆగితే, ఆగిందని వచ్చి చెప్పేది వాడే.

గాలివానలొస్తే మనకు కరెంటు ఎలా పోతుందో తెలిసిందే. ఊరికే పోయి వస్తుంటే రాస్ప్‌బెర్రీ పై లోపలి మెమరీ కార్డు పాడవుతుంది, అది పడుకుంటే ఇంటిల్లిపాదికీ నెట్ ఉండదు. కాబట్టి రౌటర్, రాస్ప్‌బెర్రీ పై రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి. రౌటర్ డీఎన్ఎస్‌ను మళ్లీ పాత పద్ధతికి ఎలా మార్చాలో ఒక కాగితం మీద రాసి, బీరువా తలుపు లోపల అంటించు.

కొన్ని కంపెనీల రౌటర్లు డీఎన్ఎస్ మార్చనివ్వవు. అలాగైతే అందులో డీహెచ్‌సీపీ ఆపేసి ఆ పని పై-హోల్‌తోనే చేయించాలి, అది నేను చూసుకుంటాను. ముందు మీ రౌటర్ కింద ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి ఇవాళే పంపు. వచ్చే ఆదివారం పొద్దున్నే చించినాడ వంతెన దాటి పాలకొల్లు వచ్చేస్తాను. ఆ లోపు అటక మీద కంప్యూటర్ దింపించి దుమ్ము దులిపించు, నాకు తుమ్ములు.

మీ బాబాయి