నగిషీ ఉన్న పాత వించెస్టర్ 1873 రైఫిల్: దాని వెనక కథ నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

టెక్సాస్‌లో మీ ఇంటి యజమాని తన వించెస్టర్ కంపెనీ 1873 మోడల్ లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ కింది మీటను కదిపి తూటా ఎక్కించే) రైఫిల్‌ను మీకు అమ్ముతానన్నారనీ, దాని నిండా జింకలు, లతలు చెక్కి ఉన్నాయనీ, అది ఒకప్పటి షెరీఫ్ (అక్కడి స్థానిక పోలీసు అధికారి)దని ఆయన చెబుతున్నారనీ రాశారు. నమ్మి కొనవచ్చా అని మీ ప్రశ్న.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, వాటిని కలపకండి. నగిషీ కంపెనీలోనే చేశారా అన్నది ఒకటి. రైఫిల్ నిజంగా ఆ షెరీఫ్‌దేనా అన్నది మరొకటి.

కొలరాడోలో మా పక్కింటి పెద్దాయన పోయాక, సామాను జాబితా రాయడానికి ఆయన కూతురు నన్ను సాయం అడిగారు. అలమరలో సరిగ్గా ఇలాంటి 1873 రైఫిలే ఉంది. రిసీవర్‌కు (బ్యారెల్ వెనక ఉండే ఇనుప పెట్టె భాగానికి) ఒకవైపు దుప్పి, మరోవైపు ఎలుగుబంటి, చుట్టూ తీగలు. ముత్తాత దాన్ని కొత్తదిగా కొన్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. భూతద్దం పెట్టి చూస్తే దుప్పి కొమ్ముల గీతల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఇనుము మాత్రం చేతి రాపిడికి నున్నగా అరిగి గోధుమ రంగుకు తిరిగింది. వందేళ్లు చేతుల్లో నలిగిన తుపాకీ మీద నగిషీ కూడా దానితోపాటే అరగాలి. ముఖ్యంగా రిసీవర్ అడుగున, మోసేటప్పుడు అరచెయ్యి ఆనే చోట. అక్కడా గీతలు కొత్తగానే ఉన్నాయి. ఒక తీగ స్క్రూ తల దాకా వచ్చి ఆగిపోయి, అవతలి వైపు కాస్త పక్కకు జరిగి మొదలైంది. మంచి పనివాడు స్క్రూ బిగించి ఉండగానే దాని మీదుగా గీత లాగుతాడు.

అప్పుడు వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ ఊళ్లో ఉన్న తుపాకుల మ్యూజియానికి రాయించాం. వించెస్టర్ కంపెనీ పాత ఖాతా పుస్తకాలు అక్కడే ఉన్నాయి. 1873 మోడల్‌కు సంబంధించినవి చాలావరకు మిగిలాయి. క్రమసంఖ్య చెప్పి రుసుము కడితే ఆ తుపాకీ గురించి పుస్తకంలో ఏముందో ఉత్తరం రాసి పంపుతారు. బ్యారెల్ గుండ్రటిదా ఎనిమిది పలకలదా, ట్రిగ్గర్ ఏ రకం, నగిషీ ఉందా, గోదాము నుంచి ఎప్పుడు బయటికి వెళ్లింది, ఇవన్నీ అందులో ఉంటాయి. మాకు వచ్చిన ఉత్తరంలో నగిషీ మాటే లేదు. అంటే అది తర్వాతెప్పుడో ఎవరో చేయించినది.

కానీ ముత్తాత కథ నిజమే. పాత కాగితాల కట్టలో ఒక ఇనుప సామాన్ల దుకాణం రసీదు దొరికింది. దాని మీద ఆయన పేరు, తేదీ, రైఫిల్ క్రమసంఖ్య ఉన్నాయి. అంకెలు రైఫిల్‌తో సరిపోయాయి, తేదీ కోడీ ఉత్తరంతో పొసిగింది. నా దృష్టిలో ఆ చిరిగిన కాగితం ఆ దుప్పి బొమ్మ కంటే విలువైనది.

కోడీ ఉత్తరంలో సాధారణంగా కొన్నవారి పేరు ఉండదు, ఆర్డరు సంఖ్యే ఉంటుంది. కాబట్టి మీ షెరీఫ్ కథను ఆ ఉత్తరం ఒక్కటే తేల్చదు. షెరీఫ్ పేరునూ ఈ క్రమసంఖ్యనూ కలిపే ఆ కాలపు కాగితం కావాలి: రసీదో, వీలునామాతో జతచేసిన ఆస్తి జాబితానో. ఆయన ఏదో ఒక వించెస్టర్ పట్టుకున్న ఫోటో చాలదు. 1873 మోడల్ ఏడు లక్షలకు పైగా తయారైంది.

ఇలాంటి ఆధారం ఎంత పని చేస్తుందో 2016లో జరిగిన ఒక వేలంలో తెలిసింది. వించెస్టర్ 1886 మోడల్ మొదటి క్రమసంఖ్య రైఫిల్ 12.65 లక్షల డాలర్లు పలికింది. అపాచీ తెగ యోధుడు జెరోనిమోను లొంగదీసుకున్న దళానికి నాయకుడైన కెప్టెన్ హెన్రీ లాటన్‌ది అది. జింకల బొమ్మలేమీ లేవు. మిత్రుడు ఆల్బీ లాటన్‌కు ఇచ్చినట్టు దాని మీద చెక్కి ఉంది, అంతే.

కంపెనీలో చేసిన నగిషీకి విలువ లేదని కాదు. న్యూ హేవెన్‌లో వించెస్టర్‌కు పనిచేసిన ఉల్రిక్ సోదరులు హెర్మన్, కాన్రాడ్, జాన్ చెక్కిన జంతువుల్లో కండరాలు కూడా కనిపిస్తాయి. అలాంటి పని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. వారి సంతకం తరచుగా ట్రిగ్గర్ వెనక, అడుగు పట్టీ మీద ఉంటుంది. అయితే సంతకాన్నీ దొంగగా చెక్కేవాళ్లున్నారు. ‘వెయ్యిలో ఒకటి’ (One of One Thousand, గురి బాగా కుదిరిన బ్యారెల్‌తో చేసిన ప్రత్యేక రకం) అని రాసి ఉంటే మరీ జాగ్రత్త. 1875లో కంపెనీ వంద డాలర్ల ధరతో ప్రకటించిన ఆ రకం 1873 మోడల్‌లో సుమారు 130 మాత్రమే తయారయ్యాయి.

మీరు హెచ్-1బీ మీద ఉంటే ఇంకో మాట. వలసేతర వీసాదారులు తుపాకీ ఉంచుకోవడంపై అమెరికా కేంద్ర చట్టంలో ఆంక్షలున్నాయి. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి ఆ చట్టం ప్రకారం పురాతన వస్తువులు, వాటికి ఆ ఆంక్ష వర్తించదు. కానీ 1873 మోడల్ తయారీ ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. అందుకని సంవత్సరం ఖాయం చేసుకుని, మీ రాష్ట్ర చట్టం గురించి వకీలును అడగండి.

యజమాని మెరుగు పెట్టించి ఇస్తానంటే వద్దనండి, ఉన్న పాతదనమంతా పోతుంది. ముందు క్రమసంఖ్య ఫోటో తీసుకుని కోడీకి రాయండి. జవాబు వచ్చేదాకా బయానా కూడా ఇవ్వకండి.