లెన్స్‌ను ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెట్టినా నక్షత్రాలు మసకగా ఎందుకు వస్తాయి?

లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తు (∞, చాలా దూరపు వస్తువులకు ఫోకస్ చోటు) సుమారు సూచన మాత్రమే, అసలు ఫోకస్ దానికి కాస్త అటో ఇటో ఉంటుంది. ఉష్ణోగ్రత మారితే లెన్స్‌లోని భాగాలు సంకోచిస్తాయి, వ్యాకోచిస్తాయి. అందుకే చాలా ఆటోఫోకస్ లెన్సుల రింగు ఇన్ఫినిటీ దాటి కూడా తిరుగుతుంది. పగటి దృశ్యంలో ఈ కొద్ది తేడా కంటికి ఆనదు. నక్షత్రం సూదిమొనంత వెలుగు కాబట్టి అక్కడ వెంటనే బయటపడుతుంది.

ఉదాహరణకు ఒరాయన్ నెబ్యులా (ఆకాశంలో వెలిగే వాయు మేఘం) తీయాలంటే ముందు కెమెరాను బాగా మెరిసే సిరియస్ నక్షత్రం వైపు తిప్పండి. మాన్యువల్ ఫోకస్‌లో, లైవ్ వ్యూను (కెమెరా తెరపై కనిపించే దృశ్యాన్ని) 10 రెట్లు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా రింగును మెల్లగా తిప్పాలి. బాటినోవ్ మాస్క్ (లెన్స్ ముందు పెట్టే చీలికల పలక) ఉంటే మరీ తేలిక: మూడు వెలుగు గీతల్లో నడిమిది మిగతా రెంటికీ సరిగ్గా మధ్యకు వస్తే చాలు (ఆ తర్వాత మాస్క్ తీసేయడం మరవొద్దు). ఇక నెబ్యులా వైపు తిప్పి, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచి, కొన్ని సెకన్ల పరీక్ష ఫొటోలతో ఫ్రేమ్ సరిచూసుకోవాలి. ఈ దశలో జూమ్ కదిలిస్తే ఫోకస్ మళ్లీ మొదటికొస్తుంది.

ఒకసారి కుదిరిన ఫోకస్ రాత్రంతా నిలుస్తుందనుకోవడం చాలామంది పొరపాటు. చలి పెరిగేకొద్దీ ఫోకస్ పక్కకు జరిగిపోతుంది, గంటకోసారైనా చూసుకోవాలి.