2022 వేసవి కరెంటు కోతలకు తప్పెవరిది: కేంద్రానిదా, రాష్ట్రాలదా?

ఇద్దరి మాటా సగం నిజం. రాష్ట్రాలు ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియాకు బకాయి పడ్డాయని కేంద్రం, రైల్వే సరిపడా రేకులు (బొగ్గు మోసే గూడ్సు రైళ్లు) ఇవ్వలేదని రాష్ట్రాలు అన్నాయి. ముందు లెక్క చూడండి: 1,000 మెగావాట్ల ప్లాంటు పూర్తి లోడుతో నడిస్తే రోజుకు సుమారు 15,000 టన్నుల బొగ్గు తింటుంది, రేకు మోసేది దాదాపు 4,000 టన్నులు. అంటే రోజూ నాలుగు రేకులు. ఒక్కటి తగ్గినా యార్డులో నిల్వ తరుగుతుంది. ప్యాసింజర్ రైళ్లు రద్దు చేసి మరీ బొగ్గు రైళ్లకు దారిచ్చారంటే ఇరుకు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

బకాయిల మాటా అబద్ధం కాదు. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) చెల్లించకపోతే జెన్‌కోలకు (కరెంటు ఉత్పత్తి సంస్థలకు) డబ్బుండదు, బొగ్గు బిల్లు ఆగుతుంది.

వాదనల్లో తక్కువగా వినిపించేది మూడో కారణం: అంతర్జాతీయ ధర పెరిగి దిగుమతి బొగ్గు ప్లాంట్లు కొన్ని ఆగడం. ఆ భారమూ దేశీయ బొగ్గు మీదే పడింది.