సిల్వర్ క్లే లాకెట్టు విరిగింది, ఉంగరం బిగుతైంది: ఎక్కడ తప్పుతోంది?

మీరు అడిగినవి రెండు. గ్యాస్ మంట టార్చ్‌తో రెండు నిమిషాలు కాల్చిన లాకెట్టు కొంచెం వంచగానే బిస్కెట్టులా పుటుక్కున విరిగింది. వేలికి సరిగ్గా కొలిచి చేసిన ఉంగరం కాల్చాక ఎక్కట్లేదు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు. క్లే కుదించుకోవడం గురించి ఒక్కసారి బాగా అర్థమైతే రెండూ తీరతాయి.

సిల్వర్ క్లే అంటే మెత్తటి వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే బైండర్, నీళ్ళు, అంతే. కాల్చినప్పుడు బైండర్ కాలిపోయి 99.9 శాతం వెండి మిగులుతుంది. వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మనం అంతదాకా వెళ్ళం. అంతకన్నా తక్కువ వేడిలోనే రేణువులు తాకిన చోటల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో ఖాళీలు పూడతాయి. ఖాళీలు పూడుతున్నకొద్దీ వస్తువు చిన్నదవుతుంది, గట్టిపడుతుంది. అంటే కుదించుకోవడం లోపం కాదు, వెండి గట్టిపడిందనడానికి అదే గుర్తు. మీ లాకెట్టు విరిగిన అంచు చూడండి. పొడిపొడిగా, సుద్దముక్కలా కనిపిస్తే సగమే కాలిందని అర్థం.

ప్యాకెట్ మీద 650 డిగ్రీలు, అరగంట అని ఉంటే అది కనీసం మాత్రమే. కిల్న్ (కాల్చే కొలిమి) ఉండి, వస్తువులో పొదిగిన రాళ్ళూ గాజూ లేకపోతే 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. ఉంగరం, బ్రేస్‌లెట్ లాంటి దెబ్బలు తినే నగలకు ఇంతకు తగ్గకూడదని నా గట్టి అభిప్రాయం. టార్చ్ అయితే 25 గ్రాముల లోపు చిన్న వస్తువులకే పనికొస్తుంది, అదీ చెవిదిద్దులకూ చిన్న లాకెట్లకూ.

టార్చ్ పనిలో సమయం ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నామన్నదే ముఖ్యం. గాలి ఆడే చోట, దీపాలు తగ్గించి, వస్తువును ఫైర్‌బ్రిక్ (వేడిని తట్టుకునే ఇటుక) మీద పెట్టండి. మొదట పొగ వస్తుంది, చిన్న పసుపు మంట లేచి ఆరిపోతుంది, బైండర్ పోయినట్టు. తర్వాత తెల్లబడుతుంది. ఇంకా వేడెక్కితే లేత నారింజ రంగులో మెరవడం మొదలవుతుంది. గడియారం చూడాల్సింది అక్కడి నుంచి, మంట అంటించినప్పటి నుంచి కాదు. ఆ రంగు తగ్గకుండా, పెరగకుండా కనీసం రెండు నిమిషాలు, మందంగా ఉంటే నాలుగైదు నిమిషాలు మంటను గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. పైన పాదరసంలా తళుక్కుమందంటే కరగబోతోంది, వెంటనే మంట వెనక్కి తీయండి.

సరిగ్గా కాలిందో లేదో ఊహించక్కర్లేదు. కిల్న్‌లో వస్తువుతోపాటు అదే క్లేతో 50 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు మందం ఉన్న పట్టీ ఒకటి పెట్టండి. రెండు పక్కలా నాలుగేసి పేక ముక్కలు పెట్టి రోల్ చేస్తే ఆ మందం వస్తుంది. ఆరాక ఒకసారి, కాల్చాక ఒకసారి కొలవండి. 10 శాతం కుదించుకునే క్లే అయితే 45 దగ్గరికి రావాలి. 48 దగ్గరే ఆగితే మళ్ళీ కాల్చండి. చివరగా పట్టీని వేళ్ళతో U ఆకారంలో వంచి చూడండి. పగుళ్ళు రాకూడదు.

ఇక ఉంగరం. 10 శాతం కుదించుకునే క్లేతో లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు కావాలంటే 17ని 0.9తో భాగించాలి, 18.9 వస్తుంది. 17కి పది శాతం కలిపితే 18.7 మాత్రమే అవుతుంది. తేడా చిన్నదే, కానీ ఉంగరంలో తెలుస్తుంది. కుదింపు శాతం బ్రాండును బట్టి మారుతుంది, కాబట్టి మీ పట్టీ చెప్పిన అంకెనే వాడండి. మాండ్రెల్ కడ్డీకి (ఉంగరం చుట్టే గుండ్రటి కడ్డీకి) ముందు కాగితం చుట్టి, దాని మీద క్లే పట్టీ చుట్టండి. నేరుగా చుడితే ఆరేటప్పుడు జారడానికి చోటులేక అతుకు దగ్గర పగులుతుంది. అతుకును నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసి, రెండు కొసల మధ్య పల్చటి క్లే పేస్టు పూసి నొక్కండి. కాల్చేటప్పుడు కావలసిన సైజులో ఇన్వెస్ట్‌మెంట్ (వేడిని తట్టుకునే ప్లాస్టర్ లాంటి పదార్థం) బిళ్లను ఉంగరం లోపల పెడితే అంతకన్నా బిగుసుకోదు. కొంచెం బిగుతుగా వచ్చినా ప్లాస్టిక్ సుత్తితో కడ్డీ మీద తట్టి అర సైజు దాకా సాగదీయొచ్చు, మెత్తటి వెండి కదా. వదులైన ఉంగరాన్ని మాత్రం కోసి అతకాల్సిందే.

తడి ఉండగా కాల్చడం ఇంకో పెద్ద తప్పు. లోపలి నీరు ఆవిరై పొక్కులు లేపుతుంది. వెచ్చగా ఉన్న ముక్కను అద్దం మీద పెట్టి తీయండి. మసక పట్టిందంటే ఇంకా ఆరలేదు. అల్యూమినియం రేకు, పళ్ళేలు దగ్గరికి రానివ్వొద్దు, అవి తగిలిన చోట వెండి పాడవుతుంది. ముత్యాలు, ఒపల్ లాంటివి కాల్చాకే పొదగాలి.

విరిగిన లాకెట్టును పారేయకండి. ఎండిన క్లేని మెత్తగా నూరి, కొన్ని చుక్కల లావెండర్ నూనెతో చిక్కటి పేస్టు చేసి రెండు అంచులకూ పట్టించండి. నీళ్ళ పేస్టు కాల్చిన వెండికి సరిగ్గా పట్టదు. ఈ పేస్టు కూడా కుదించుకుంటుంది కాబట్టి అతుకు మీద కాస్త ఎత్తుగా పెట్టి, సన్నటి వేడి మీద పూర్తిగా ఆరనిచ్చి, కిల్న్‌లో 900 దగ్గర రెండు గంటలు కాల్చండి. చల్లారాక ఎత్తును ఆకురాయితో సమం చేసి, సబ్బునీళ్ళతో ఇత్తడి బ్రష్ వేస్తే పైనున్న తెలుపు పోయి వెండి మెరుపు బయటపడుతుంది.