కొత్త కారు: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

సందేహం: ఈ దేశం వచ్చాక మొదటిసారి కొత్త కారు బుక్ చేశాం. ట్రక్కులో డీలర్ దగ్గరికి వచ్చిందట, రేపు సాయంత్రం తీసుకెళ్లమంటున్నారు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిందే కదా, మళ్లీ చూసుకోవాల్సింది ఏముంటుంది?

జవాబు: చాలా ఉంటుంది. ముందుగా, సాయంత్రం వద్దు, పగటిపూట అపాయింట్‌మెంట్ అడగండి. ఎందుకో కింద చెబుతాను.

ఫ్యాక్టరీ గేటు దాటిన కారు రోడ్డు మీద నడపడానికి సిద్ధంగా ఉండదు, ప్రయాణానికి మూటగట్టినట్టు ఉంటుంది. ఓడ, రైలు, ట్రక్కు మారుతూ ఒక్కోసారి వారాల తరబడి తిరిగి వస్తుంది. ఆ మూట విప్పి మామూలు కారుగా మార్చే పని డీలర్‌ది. దాన్ని పీడీఐ అంటారు, అంటే డెలివరీ ముందు తనిఖీ. శ్రద్ధగా చేస్తే గంటా రెండు గంటల పని. హడావిడి ఎక్కువైతే కాగితం మీద టిక్కులు పడతాయి, కారు మీద పని జరగదు.

మొదట టైర్లు. ఒకేచోట అణిగి చదునవకుండా, పట్టీలు బిగించినప్పుడు కారు కదలకుండా ఉండటానికి గాలి ఎక్కువ కొట్టి పంపడం మామూలే. 45, 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కూడా కనబడుతుంది. నడపడానికి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది, చాలా కార్లకు 32 నుంచి 36 మధ్య. తగ్గించడం మర్చిపోతే చిన్న గతుకుకే కారు ఎగిరిపడుతుంది, టైరు నడిమి భాగమే అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. టైరు పక్కగోడ మీద ఉండే అంకె చూసి గాలి పెట్టకండి, అది టైరు తట్టుకోగల గరిష్ఠం. కారు మూడు గంటలైనా ఆగి ఉన్నాక కొలిచిందే సరైన లెక్క.

గాలి సరిచేశాక కూడా కారు కట్టెలా బిగుసుకుని నడుస్తుంటే చక్రం వెనక టార్చి వేసి చూడండి. కొన్ని మోడళ్లకు దారిలో సస్పెన్షన్ ఊగకుండా కాయిల్ స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరో ప్లాస్టిక్కో దిమ్మెలు పెడతారు. తీయకుండా ఇచ్చేస్తే మలుపుల్లో కారు అదుపు దెబ్బతింటుంది. దిమ్మె కనబడితే ఆ కారు నడపకండి, అక్కడే తీయించండి.

కరెంటు సంగతికొస్తే, దారిలో బ్యాటరీ దిగిపోకుండా చాలా కార్లను ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో, అంటే కరెంటు తక్కువ వాడే ప్రయాణపు సెట్టింగులో పెడతారు, లేదా ఒక ఫ్యూజు ఊడదీసి ఉంచుతారు. రిమోట్ దూరం నుంచి పనిచేయకపోవడం, రేడియో ఊరికే ఆగిపోవడం, గడియారం నిలవకపోవడం కారు చెడిపోయినట్టు అనిపిస్తాయి గానీ చాలాసార్లు ఈ మోడ్ తీయకపోవడమే. అన్నిటికన్నా బ్యాటరీ ముఖ్యం. యార్డులో నెలల తరబడి నిలబడి పూర్తిగా దిగిపోయిన మామూలు లెడ్ బ్యాటరీని మళ్లీ చార్జి చేసినా సత్తువ పూర్తిగా రాదు, పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. కొన్ని గంటలు ఆగిన కారులో మల్టీమీటరు 12.6 వోల్టుల దగ్గర చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. ఎలక్ట్రిక్ కారుకూ సాధారణంగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ విడిగా ఉంటుంది, దాన్నీ చూపించమనండి.

ఇక పెయింటు. పగలు రమ్మన్నది ఇందుకే. షోరూమ్ దీపాల కింద, తడిసిన బాడీ మీద గీతలు కనబడవు. కారు ఆరిపోయి ఎండలో ఉండాలి. ప్రయాణంలో రక్షణకు బానెట్ మీద, పైకప్పు మీద అంటించిన తెల్ల ఫిల్ము ఎక్కువ రోజులు ఎండకు ఉంటే అంచుల వెంట జిగురు గీతలా మిగులుతుంది. రైల్లో వచ్చిన కారు మీద సన్న ఇనుప రజను పడి, తడికి నారింజ రంగు చుక్కలై కూర్చుంటుంది. కడిగిన ప్యానెల్ మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్న చేత్తో మెల్లగా రాయండి, ఇసుక తగిలినట్టు గరగరలాడితే అదే. దాన్ని గోకకూడదు, ఇనుప రజను కరిగించే ఐరన్ రిమూవరు ద్రవంతోనో, మెత్తటి బంకమట్టి ముద్దలాంటి క్లే బార్‌తోనో తీయాలి.

దీనికన్నా ఎక్కువగా జరిగే నష్టం డీలర్ దగ్గరి ఆఖరి వాష్. మురికి స్పాంజీతో హడావిడిగా రుద్దితే కొత్త పెయింటు నిండా సాలెగూడులాంటి సన్నగీతలు పడతాయి. “కడగొద్దు, పాలిష్ పెట్టొద్దు, ఫిల్ములు తీసి అలాగే ఇవ్వండి” అని ముందురోజే రాతపూర్వకంగా పంపండి.

దారిలో తగిలిన దెబ్బకు రంగు వేసి పంపడమూ ఉంటుంది. పెయింటు మందం మీటరు దొరికితే మంచిది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల దాకా ఉంటుంది. మిగతావన్నీ 120 దగ్గరుండి ఒక్క తలుపే 300 చూపితే కారణం అడగాల్సిందే. ప్లాస్టిక్ బంపరు మీద మామూలు మీటరు పనిచేయదు. మీటరు లేకపోతే ఫెండరు బోల్టుల తలలు చూడండి. పానా పడి రంగు లేచిపోయి ఉంటే ఆ భాగాన్ని ఎవరో విప్పారు. ఒక్కోసారి ఫ్యాక్టరీలోనే అమరిక సరిచేసి ఉండొచ్చు, కాబట్టి నింద వేయకుండా అడగండి.

బ్రేకు డిస్కుల మీద పలచటి తుప్పు చూసి కంగారుపడకండి, నాలుగైదు బ్రేకులకు పోతుంది. మెల్లగా నడిపి చూసిన తర్వాత కూడా గుంటలు కనబడితే, పెడల్ కింద అదురు తెలిస్తే మాత్రం వదలొద్దు.

కారు ఎన్నాళ్లు యార్డులో నిలబడిందో తెలియాలంటే తలుపు చట్రం మీది ప్లేటు చూడండి, చాలా కార్లకు తయారైన నెల, సంవత్సరం అక్కడే ఉంటాయి. టైరు పక్కగోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ (డాట్ కోడ్) చివరి నాలుగు అంకెలు 3524 అయితే అది 2024లో 35వ వారం తయారైంది.

రెండో తాళం, చక్రాలు ఎవరూ ఎత్తుకుపోకుండా వేసే లాక్ నట్టు విప్పే సాకెట్టు, జాకీ లేదా పంక్చరు కిట్టు, కార్పెట్లు, ఎలక్ట్రిక్ అయితే చార్జింగ్ కేబులు ఇచ్చారో లేదో కాగితంతో సరిచూసుకోండి. విన్ నంబరు (ఒక్కో కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) పెట్టి కంపెనీ సైటులో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, ఏమైనా పెండింగ్ ఉందా చూడండి.

సేల్స్‌మన్ పక్కనే నిలబడ్డాడని మొహమాటపడొద్దు. దొరికిన ప్రతి గీతకూ ఫోటో తీసి, “వచ్చేవారం చేసిపెడతాం” అన్న ప్రతి మాటనూ తేదీతో రాయించి మేనేజరు సంతకం తీసుకోండి. కారు గేటు దాటాక ఆ గీత ట్రక్కులో పడిందో, మీ పార్కింగులో పడిందో రుజువు చేయడం చాలా కష్టం.