ఆ షెవీ ట్రక్కు నిజంగా 1950దేనా?

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న ట్రక్కు గ్రిల్‌కి (ముందుండే జాలీకి) అయిదు అడ్డపట్టీలు ఉన్నంత మాత్రాన అది 1950 షెవ్రొలే (షెవీ) అయిపోదు. 1947 వేసవి నుంచి 1953 దాకా అదే గ్రిల్. పైగా గ్రిల్, బానెట్, ఫెండర్లు అన్నీ బోల్టులు విప్పితే ఊడొచ్చేవే. ముందు కేబిన్ చూడు.

ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండి మధ్యలో పట్టీ ఉంటే 1953 లేదా అంతకు ముందుది. ఒకటే వంపు అద్దమైతే 1954, లేదా 1955 మొదట్లోది. రెండు ముక్కల అద్దానికి 1954 నాటి బరువైన గ్రిల్ కనిపించిందా, అది అతుకుల బండి.

తలుపు కిటికీలో ముందు మూలన తెరుచుకునే చిన్న అద్దం 1951లో వచ్చింది. బొత్తాం నొక్కి తీసే బయటి హ్యాండిల్ 1952లో వచ్చింది. అంతకు ముందు కిందికి తిప్పేదే. తలుపులూ మార్చేస్తుంటారు, అందుకే రెండు వైపులా చూసుకో. పెట్రోల్ ట్యాంకు 1949లో వెనక సరుకు తొట్టి కింద నుంచి కేబిన్‌లోకి, సీటు వెనక్కి వచ్చింది. పెట్రోల్ పోసే మూత కోసం కేబిన్ రేకుకు పెట్టిన రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి ఉంటే వేలితో తడిమినా తెలుస్తుంది.

ఇక డ్రైవర్ తలుపు తీసి, స్తంభం మీద ఉన్న ఫ్యాక్టరీ సీరియల్ నంబరు ప్లేటు చదువు. అర టన్ను బండికి హెచ్‌పీ అంటే 1950, జేపీ అంటే 1951, కేపీ అంటే 1952. ఆ అక్షరాలకు ముందున్న అంకె ఫ్యాక్టరీది (5 అయితే కాన్సస్ సిటీ), తర్వాతి అక్షరం నెలది. ఏ అంటే జనవరి. 1953 నుంచి ఏడాది అంకెల్లోనే ఉంటుంది, హెచ్53 అని. కొత్తగా కొట్టిన ప్లేట్లూ బజార్లో దొరుకుతాయి కాబట్టి ప్లేటు ఒక్కటే చాలదు, పైన చెప్పినవాటితో పోల్చుకో.

ఇంజన్ పైమూత నడిమధ్య రెండు నట్లతో బిగించి ఉంటే అది 216 (ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు), అంచుల్లో నాలుగు స్క్రూలుంటే 1954 నుంచి వచ్చిన 235. పాత 216లో పిస్టన్ రాడ్ల బేరింగులు బాబిట్ అనే మెత్తటి లోహం పోసినవి, వాటికి నూనె చిమ్మి అందుతుంది. హైవే మీద గంటల తరబడి గట్టిగా తోలితే రాడ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. రోజూ నడిపేదానికైతే 235 పడి ఉండటమే మేలు, అసలుది కాకపోయినా సరే.

డబ్బిచ్చే ముందు టైటిల్ (బండి యాజమాన్య) కాగితంలోని నంబరు కూడా చూడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అప్పట్లో ఇంజన్ నంబరునే రాసేవారు. అది డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) పక్కన ఇంజన్ బ్లాకు మీద కొట్టి ఉంటుంది. ఇంజన్ మారి ఉంటే కాగితానికీ బండికీ పొంతన కుదరదు. ఆ చిక్కు అమ్మేవాడి చేతే విప్పించు, ఆ తర్వాతే బేరం.

మీ మామయ్య